ప్రవణత ద్రవ వర్ణలేఖనంలో ద్రావణి సంఘటనం లెక్క: ఉద్దానం నీటి పరీక్షల నేపథ్యం

వ్యాససంగ్రహం

నీటిలో పురుగుమందుల అవశేషాలను గుర్తించడానికి ప్రయోగశాలలు ప్రవణత ద్రవ వర్ణలేఖనాన్ని ఆశ్రయిస్తాయి. ఈ పద్ధతిలో ద్రావణి సంఘటనం నిమిషనిమిషానికీ మారుతుంది. యంత్రం తెర మీద కనిపించే శాతమూ, పదార్థం స్తంభం నుంచి వెలువడే క్షణాన అక్కడ నిజంగా ఉన్న శాతమూ ఒకటి కావు. ఈ రెంటి మధ్య తేడా ఎలా ఏర్పడుతుందో, దానిని ఎలా లెక్కించాలో, ఆ లెక్క తప్పితే ఉద్దానం వంటి ప్రాంతపు నీటి నివేదికకు ఏమవుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఉద్దానం, పలాస, వర్ణలేఖనం, ప్రవణత, ద్రావణి సంఘటనం, ఆలస్య ఘనపరిమాణం, పురుగుమందుల అవశేషాలు.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఇది విస్తరించి ఉంది. ‘ఉద్యానం’ అన్న మాటే వాడుకలో ‘ఉద్దానం’ అయిందని చెబుతారు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. తోటలకంటే ముందే ఈ ప్రాంతం పేరును దేశమంతటా వినిపించేలా చేసింది మాత్రం మూత్రపిండాల వ్యాధి. మధుమేహమూ రక్తపోటూ లేని వ్యవసాయ కుటుంబాలవారిలో కూడా మూత్రపిండాలు నెమ్మదిగా పనిచేయడం మానివేయడం ఇక్కడి విషాదం. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోనూ, మధ్య అమెరికాలోని చెరకు తోటల్లోనూ ఇటువంటి వ్యాధినే వైద్యులు గుర్తించారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండాల పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానం గ్రామాలకు చేర్చే పథకం కూడా అదే రోజు మొదలైంది.

వ్యాధికి కారణం ఒక్కటని ఇంతవరకూ తేలలేదు. భూగర్భజలంలోని సిలికా, భారలోహాలు, పురుగుమందుల అవశేషాలు, ఎండలో పనిచేసేవారి శరీరంలో నీరు తగ్గిపోవడం, వంశపారంపర్యం వంటి ఊహలన్నీ పరిశోధకుల ముందున్నాయి. వీటిలో ఏ ఊహను నిలబెట్టాలన్నా తోసిపుచ్చాలన్నా కొలతలే ఆధారం. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ వంటి మూలకాలను వేరే పరికరాలతో కొలుస్తారు. సేంద్రియ పురుగుమందుల విషయానికి వస్తే ద్రవ వర్ణలేఖనం ప్రధాన సాధనాలలో ఒకటి.

ఇక్కడ భాషకు సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. ప్రయోగశాల ‘కనుగొనబడలేదు’ అని రాస్తుంది. ఊరిలో అది ‘మా నీళ్లలో మందు లేదట’ అని వినిపిస్తుంది. రైతు నోట ‘మందు’ అంటే పురుగుమందూ అవుతుంది, ఆసుపత్రిలో ఇచ్చేదీ అవుతుంది. ఆ అయోమయం సందర్భాన్ని బట్టి తీరిపోతుంది. కానీ ‘లేదు’కూ ‘కనబడలేదు’కూ ఉన్న దూరం అలా తీరేది కాదు. ‘కనబడలేదు’ అంటే ఒక నిర్ణీత ఏర్పాటులో, ఒక నిర్ణీత సమయంలో చూచినప్పుడు కనబడలేదని అర్థం. ఆ ఏర్పాటులో అందరికంటే తక్కువ శ్రద్ధకు నోచుకొన్న అంశం ద్రావణి సంఘటనం.

2. స్తంభం లోపల జరిగేది

వర్ణలేఖనం అన్న తెలుగు మాట చక్కగా కుదిరింది. రష్యా వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్ 1903లో వార్సాలో చేసిన ప్రసంగంలో ఆకుల వర్ణకాలను వేరుచేసే కొత్త పద్ధతిని వివరించాడు. 1906లో దానికి పేరు పెట్టాడు. సున్నపురాయి పొడి నింపిన గాజుగొట్టంలో ఆకుపసరు రంగురంగుల పట్టీలుగా విడిపోయింది. ఆయన ఇంటిపేరుకు రష్యన్ భాషలో ‘రంగు’ అనే అర్థం ఉండటం ఒక విశేషం.

నేటి పరికరంలో గాజుగొట్టం స్థానంలో ఉక్కు స్తంభం ఉంటుంది. దానిలో సన్నని సిలికా రేణువులుంటాయి. వాటికి 18 కార్బన్ల గొలుసులను అతికిస్తారు కనుక ఆ ఉపరితలం నూనె స్వభావాన్ని పొందుతుంది. ఇది స్థిర ప్రావస్థ. దాని మీదుగా పంపు తోసే నీరు, ఎసిటోనైట్రైల్ లేదా మిథనాల్ మిశ్రమం గతిశీల ప్రావస్థ. నీటిని ఇష్టపడే పదార్థం ద్రవంతో త్వరగా సాగిపోతుంది. నూనెను ఇష్టపడేది రేణువులను పట్టుకొని నిలిచిపోతుంది. గతిశీల ప్రావస్థలో సేంద్రియ ద్రావణి వాటా పెంచితే, నిలిచిపోయినది కూడా పట్టు వదలి బయలుదేరుతుంది.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) నుంచి మూడు పురుగుమందులను తీసుకొంటే సమస్య స్పష్టమవుతుంది. లీటరు నీటిలో మోనోక్రోటోఫాస్ 1 మైక్రోగ్రాము, అట్రజిన్ 2 మైక్రోగ్రాములు, క్లోర్‌పైరిఫాస్ 30 మైక్రోగ్రాములు మించరాదని ఆ ప్రమాణం చెబుతుంది. ఐరోపా సమాజం ఏ ఒక్క పురుగుమందుకైనా పెట్టిన హద్దు ఇంకా తక్కువ, 0.1 మైక్రోగ్రాము. మోనోక్రోటోఫాస్ నీటిలో సులభంగా కలిసిపోతుంది. క్లోర్‌పైరిఫాస్‌కు నీరు గిట్టదు. అట్రజిన్ మధ్యస్థం. నీటి వాటా ఎక్కువగా ఉన్న ఒకే మిశ్రమాన్ని చివరిదాకా నడిపితే మోనోక్రోటోఫాస్ సక్రమంగా వేరుపడుతుంది గాని, క్లోర్‌పైరిఫాస్ గంటల తరబడి స్తంభంలోనే ఉండిపోతుంది. ఎసిటోనైట్రైల్ వాటా ఎక్కువగా ఉన్న మిశ్రమంతో క్లోర్‌పైరిఫాస్ తొందరగా వస్తుంది. అప్పుడు మోనోక్రోటోఫాస్ నీటిలోని లవణాలతో కలగలిసి మొదటనే కొట్టుకుపోతుంది.

అందుకే పరీక్ష సాగుతుండగానే మిశ్రమాన్ని మారుస్తారు. మొదట నీరు ఎక్కువగా ఉంచి, క్రమంగా సేంద్రియ ద్రావణిని పెంచుతారు. ఇదే ప్రవణత. స్వీడన్‌లో ఆమ్, విలియమ్స్, టిసేలియస్ 1952లో ఈ పద్ధతిని ప్రకటించారు. వర్ణలేఖనంలో మరో శాఖకు గాను మార్టిన్, సింజ్ నోబెల్ బహుమతి అందుకొన్నదీ ఆ సంవత్సరమే. ఆ తరవాతి దశాబ్దాలలో లాయిడ్ స్నైడర్ ప్రవణతకు గణిత రూపం ఇచ్చాడు.

ప్రవణతను ఎక్కడ మొదలుపెట్టాలన్నది నమూనాను బట్టి ఉంటుంది. పలాస జీడి పరిశ్రమలో గింజల తొక్క నుంచి వచ్చే జీడినూనె దీనికి రెండో కొస. పిక్కలు ఒలిచేవారి చేతులను కాల్చి నల్లబరిచే ఆ నూనెలో అనకార్డిక్ ఆమ్లాలుంటాయి. వాటికి 15 కార్బన్ల పొడవైన తోక ఉంటుంది. ఆ తోకలో మూడు ద్విబంధాలున్న రూపం ముందు, తరవాత రెండున్నది, ఒకటున్నది, చివరకు ద్విబంధం లేనిది వెలువడతాయి. వీటికోసం నీటితో మొదలుపెట్టడం కాలాన్ని వృథా చేయడమే. ఊరి బావి నీటికైతే 10 శాతం దగ్గర మొదలుపెట్టక తప్పదు.

3. ‘శాతం’ ఎవరిది?

‘సంఘటనం’ అన్న పారిభాషిక పదాన్ని రసాయనశాస్త్ర గ్రంథాలు మిశ్రమంలో ఏ భాగం ఎంత ఉందన్న అర్థంలో వాడతాయి. జరిగిన విషయాన్ని తెలిపే ‘సంఘటన’కు ఇది సోదర పదం. ప్రవణత విషయంలో ఈ సోదరత్వం యాదృచ్ఛికంగానే అయినా సార్థకం. ఇక్కడ సంఘటనం కూడా ఒక సమయంలో, ఒక చోట జరిగే విషయమే. సమయమూ స్థలమూ చెప్పని శాతానికి అర్థం లేదు.

అంతకుముందే మరో చిన్న మెలిక ఉంది. యంత్రంలో రెండు సీసాలుంటాయి. ‘ఎ’లో నీరు, ‘బి’లో ఎసిటోనైట్రైల్ అని సాధారణంగా చెబుతారు. వాస్తవంలో సూక్ష్మజీవులు పెరగకుండా, గాలి బుడగలు రాకుండా చాలామంది ‘ఎ’లో కొంత ఎసిటోనైట్రైల్‌నూ, ‘బి’లో కొంత నీటినీ కలుపుతారు. ‘ఎ’లో 5 శాతం, ‘బి’లో 95 శాతం ఎసిటోనైట్రైల్ ఉందనుకొందాం. తెర మీద ‘బి 10 శాతం’ అని ఉంటే నిజమైన ఎసిటోనైట్రైల్ వాటా 0.90 × 5 + 0.10 × 95 = 14 శాతం. ‘బి 90 శాతం’ అయితే 0.10 × 5 + 0.90 × 95 = 86 శాతం. అంటే 80 పాయింట్ల వాలు అనుకొన్నది నిజానికి 72 పాయింట్లే. ఒక ప్రయోగశాల పద్ధతిని మరొకటి అరువు తెచ్చుకొనేటప్పుడు సీసాల్లో ఏముందో కూడా అడిగి తెలుసుకోవాలి.

ఘనపరిమాణం కూడా మోసగిస్తుంది. 50 మి.లీ. మిథనాల్, 50 మి.లీ. నీరు కలిపితే 100 మి.లీ. రాదు, 96–97 మి.లీ. వస్తుంది. అణువులు ఒకదాని సందుల్లో మరొకటి ఇముడుతాయి. కనుక చేతితో కలిపిన ‘50 శాతం’లో రెండు ద్రవాలనూ విడివిడిగా కొలిచి పోశారా, లేక 50 మి.లీ. మిథనాల్ తీసుకొని 100 గీత దాకా నీటితో నింపారా అన్నది ముఖ్యం. తూకం మీద లెక్కిస్తే సమాన ఘనపరిమాణాల మిశ్రమంలో మిథనాల్ సుమారు 44 శాతమే. పంపు ప్రతి ద్రవాన్నీ విడిగా కొలిచి తోస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలోని శాతాలన్నీ కలపడానికి ముందున్న ఘనపరిమాణాల శాతాలే. లెక్క తేలికగా ఉండటానికి ఇకపై ‘ఎ’ శుద్ధజలం, ‘బి’ శుద్ధ ఎసిటోనైట్రైల్ అనుకొందాం.

4. గొట్టంలోని పాత నీరు

హిరమండలం జలాశయం దగ్గర కొత్త నీరు వదిలారనుకొందాం. ఆ నీరు అప్పటికప్పుడు కవిటి కుళాయిలో కనిపించదు. మధ్యనున్న గొట్టంలో అంతకుముందే నిండి ఉన్న నీరు ముందుగా బయటకు రావాలి. ఎంతసేపు పడుతుందన్నది గొట్టంలో పట్టే నీటిని ప్రవాహ వేగంతో భాగిస్తే తెలుస్తుంది.

వర్ణలేఖన యంత్రంలోనూ ఇదే జరుగుతుంది. రెండు ద్రవాలు కలిసే చోటు నుంచి స్తంభం ముఖద్వారం వరకు మిక్సర్, గొట్టాలు, నమూనాను ఎక్కించే కవాటం ఉంటాయి. వాటిలో పట్టే ద్రవమే ‘డ్వెల్ వాల్యూమ్’. దీనిని ఆలస్య ఘనపరిమాణం అనవచ్చు. పంపు 10 శాతం నుంచి 11కు మారినా, ఈ భాగంలోని పాత ద్రవం ఖాళీ అయ్యేదాకా స్తంభానికి ఆ మార్పు తెలియదు. స్తంభం లోపల రేణువుల సందుల్లో పట్టే ద్రవం రెండో ఆలస్యం. దేనికీ అంటుకోని పదార్థం ఈ దూరం దాటడానికి పట్టే కాలాన్ని ఖాళీ సమయం అంటారు.

ఉదాహరణకు 150 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న స్తంభాన్ని తీసుకొందాం. వ్యాసార్ధం 0.23 సెం.మీ., పొడవు 15 సెం.మీ. ఉత్త గొట్టం ఘనపరిమాణం 3.1416 × 0.23 × 0.23 × 15 = 2.49 మి.లీ. ఇందులో దాదాపు 60 శాతం ద్రవానికి చోటు. అంటే సుమారు 1.5 మి.లీ. ప్రవాహం నిమిషానికి 1.0 మి.లీ. అయితే ఖాళీ సమయం 1.5 నిమిషాలు. యంత్రం ఆలస్య ఘనపరిమాణం 1.0 మి.లీ. అనుకొంటే ఆలస్య సమయం 1.0 నిమిషం. ప్రవణత 10 శాతం నుంచి 90 శాతానికి 20 నిమిషాల్లో చేరాలి. వాలు నిమిషానికి 4 పాయింట్లు.

నమూనా ఎక్కించిన 12.0 నిమిషాలకు శోధకం ఒక శిఖరాన్ని చూపింది. ఆ పదార్థం ఎంత శాతం దగ్గర వెలువడినట్లు?

తెర మీది లెక్క: 10 + 4 × 12.0 = 58 శాతం. పంపు ఆ క్షణాన కలుపుతున్నది ఇదే.

స్తంభం ముఖద్వారం వద్ద: 10 + 4 × (12.0 − 1.0) = 54 శాతం.

స్తంభం నిర్గమం వద్ద: 10 + 4 × (12.0 − 1.0 − 1.5) = 48 శాతం.

పదార్థం వెలువడినది నిర్గమం దగ్గర కనుక జవాబు 48. సూత్రంగా చెబితే, నిర్గమ సంఘటనం = ప్రారంభ శాతం + వాలు × (గడియార సమయం − ఆలస్య సమయం − ఖాళీ సమయం). కుండలీకరణంలోని విలువ సున్నకంటే తక్కువైతే ప్రవణత ఇంకా అక్కడికి చేరలేదని, సంఘటనం ప్రారంభ శాతమేనని గ్రహించాలి.

10 పాయింట్ల తేడా పెద్దదేమీ కాదనిపించవచ్చు. అది పెద్దదే. స్నైడర్ నమూనా ప్రకారం సేంద్రియ ద్రావణి వాటా పెరిగేకొద్దీ నిలుపుదల గుణకం సరళంగా తగ్గదు. దాని సంవర్గమానం సరళంగా తగ్గుతుంది. ద్రావణి వాటాను భిన్నంగా రాస్తే, ఆ తగ్గుదల వాలు చిన్న అణువులకు 4 ప్రాంతంలో ఉంటుంది. 10 పాయింట్లు అంటే 0.10. సంవర్గమానంలో మార్పు 0.4. దానికి సరిపడే గుణిజం 2.5. ‘శిఖరం 58 శాతం దగ్గర వచ్చింది’ అని నమ్మి ఆ ఒక్క పదార్థం కోసం 58 శాతం స్థిర మిశ్రమంతో కొత్త పద్ధతి తయారుచేస్తే, 48 శాతంలో ఉండవలసిన నిలుపుదలలో అయిదింట రెండు వంతులే మిగులుతుంది. పొరుగు పదార్థాల నుంచి అది విడిపోకపోవచ్చు.

ప్రవాహాన్ని నిమిషానికి 0.5 మి.లీ.కి తగ్గించి, ప్రవణతను మాత్రం అదే 20 నిమిషాలకు ఉంచితే ఆలస్యం 2.0, ఖాళీ సమయం 3.0 నిమిషాలవుతాయి. తెరకూ నిర్గమానికీ తేడా 4 × 5 = 20 పాయింట్లు. ఘనపరిమాణం యంత్రానిదీ స్తంభానిదీ, సమయం ప్రవాహానిది. నివేదికలో ఆలస్యాన్ని నిమిషాల్లో కాక మి.లీ.లో రాయాలనడానికి కారణం ఇదే.

పై లెక్క ప్రవణతను కత్తిరించినట్లున్న సరళరేఖగా భావించింది. మిక్సర్ ఆ మూలలను గుండ్రంగా చేస్తుంది. 0.5 మి.లీ. మిక్సర్‌లోకి నిమిషానికి 1.0 మి.లీ. వేగంతో 10 శాతం మిశ్రమం వస్తూ ఉండగా, హఠాత్తుగా 90 శాతం మిశ్రమం రావడం మొదలైతే అర నిమిషం తరవాత బయటకు వచ్చేది 60.6 శాతమే. ఒకటిన్నర నిమిషానికి గాని అది 86 శాతం దాటదు. మెల్లని వాలులో ఈ ప్రభావం ఆలస్య సమయంలోనే కలిసిపోతుంది. నిటారుగా మెట్టు పెట్టిన పద్ధతుల్లో మాత్రం విడిగా లెక్కించవలసిందే.

5. యంత్రం మారినప్పుడు

ఉద్దానం నమూనాలు ఒకే ప్రయోగశాలకు వెళ్లవు. ఏళ్ల తరబడి సాగే పరిశీలనలో పరికరాలూ మారుతాయి, సంస్థలూ మారుతాయి. ఒకచోట తయారైన పద్ధతిని మరోచోట అక్షరాలా పాటించినా ఫలితం ఎందుకు మారుతుందో చూడటానికి, పై పద్ధతినే ఆలస్య ఘనపరిమాణం 3.0 మి.లీ. ఉన్న పాత యంత్రం మీద నడిపామనుకొందాం. స్తంభం, సీసాలు, ప్రవాహం, వాలు అన్నీ అవే.

మూడు పదార్థాలను ఊహించుకొందాం. 10 శాతం మిశ్రమంలో మొదటిదాని నిలుపుదల గుణకం 5, రెండోదానిది 59, మూడోదానిది 1000. మోనోక్రోటోఫాస్, అట్రజిన్, క్లోర్‌పైరిఫాస్ వరుసకు ఇవి ఉజ్జాయింపు ప్రతినిధులు మాత్రమే. స్నైడర్ సూత్రంతో లెక్కిస్తే 1.0 మి.లీ. యంత్రంలో ఇవి 5.8, 12.0, 19.6 నిమిషాలకు వస్తాయి. 3.0 మి.లీ. యంత్రంలో 7.2, 13.9, 21.6 నిమిషాలకు వస్తాయి.

చివరిది సరిగ్గా 2 నిమిషాలు జరిగింది. మధ్యది దాదాపు అంతే. మొదటిది మాత్రం 1.3 నిమిషాలే జరిగింది. ప్రవణత వచ్చి తట్టేదాకా మూడోది ఉన్నచోటనే కూర్చొంటుంది. అందువల్ల ఆలస్యం ఎంత పెరిగితే అదీ అంతే ఆలస్యంగా వస్తుంది, రెండు యంత్రాల్లోనూ 78–79 శాతం దగ్గరే వెలువడుతుంది. మొదటిది అలా కాదు. అదనంగా దొరికిన 2 నిమిషాల్లో 10 శాతం మిశ్రమంలోనే అది నెమ్మదిగా నడక సాగిస్తుంది. ఫలితంగా ఒక యంత్రంలో 23.3 శాతం దగ్గర, మరోదానిలో 20.6 శాతం దగ్గర బయటపడుతుంది. అందరినీ ఒకే అంకెతో జరిపి సరిచేయడం ఇందుకే కుదరదు. తొందరగా వచ్చే పదార్థాల మధ్య దూరాలు మారతాయి, కొన్ని జంటలు వరుస కూడా మార్చుకోవచ్చు. ప్రమాణంలో హద్దు 1 మైక్రోగ్రామే ఉన్న మోనోక్రోటోఫాస్ ఈ తొందరగా వచ్చే గుంపులోదే కావడం గమనార్హం.

ద్రవ్యరాశి వర్ణపటమాపకం జోడించిన యంత్రాల్లో ప్రమాదం మరింత నిశ్శబ్దంగా ఉంటుంది. పదుల కొద్దీ పురుగుమందులను ఒకేసారి వెదకేటప్పుడు ఒక్కోదానికి ఒక సమయ కిటికీ నిర్ణయిస్తారు. 12.0 నిమిషాల పదార్థానికి 11.5 నుంచి 12.5 వరకు కిటికీ తెరిచి ఉంటుంది. పాత యంత్రంలో ఆ పదార్థం 13.9కి వస్తుంది. అప్పటికి కిటికీ మూసుకొని ఉంటుంది. శిఖరం చిన్నదిగా కనిపించడం, వంకరగా కనిపించడం వంటి హెచ్చరిక ఏదీ ఉండదు. గీత నున్నగా ఉంటుంది. నివేదికలో ‘కనుగొనబడలేదు’ అన్న మాట పడుతుంది.

శ్రద్ధగల ప్రయోగశాలలో ఈ పొరపాటు దొరికిపోతుందనీ చెప్పాలి. ప్రతి విడతలోనూ తెలిసిన మోతాదు కలిపిన ప్రమాణ ద్రావణాన్ని అదే యంత్రం మీద నడుపుతారు. అది కూడా కిటికీలో కనబడకపోతే లోపం నీటిలో లేదని, ఏర్పాటులో ఉందని తేలిపోతుంది. కాబట్టి ‘కనుగొనబడలేదు’ అన్న ఫలితం పక్కన, అదే రోజు అదే యంత్రంలో ప్రమాణ ద్రావణం ఏ నిమిషానికి కనిపించిందో లేకుంటే ఆ ఫలితాన్ని సగం వాక్యంగానే చదవాలి.

6. ఆలస్యాన్ని కొలవడం, సరిచేయడం

తయారీదారు పుస్తకంలోని అంకెను నమ్మడం కంటే ఆలస్య ఘనపరిమాణాన్ని కొలుచుకోవడం మేలు. మధ్యలో ఎవరో గొట్టం మార్చి ఉండవచ్చు, మిక్సర్ మార్చి ఉండవచ్చు. కొలత పద్ధతి తేలిక. స్తంభాన్ని తీసివేసి దాని స్థానంలో సన్నని గొట్టం బిగించాలి. ‘ఎ’ సీసాలో నీరు, ‘బి’ సీసాలో 0.1 శాతం ఎసిటోన్ కలిపిన నీరు ఉంచాలి. ఎసిటోన్ 265 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని పీల్చుకొంటుంది కనుక శోధకానికి కనిపిస్తుంది. 20 నిమిషాల్లో ‘బి’ని 0 నుంచి 100 శాతానికి పెంచి సంకేతాన్ని గీయాలి. ఆలస్యం లేకపోతే సంకేతం 10.0 నిమిషాలకు సగానికి చేరాలి. 11.0కు చేరితే ఆలస్యం 1.0 నిమిషం, 13.0కు చేరితే 3.0 నిమిషాలు. ప్రవాహ రేటుతో గుణిస్తే మి.లీ. వస్తాయి. ఒక పూట పని, ఖర్చు దాదాపు శూన్యం. అయినా ఈ అంకె పరిశోధన పత్రాల్లో అరుదుగా కనబడటం ఆశ్చర్యకరం.

అంకె తెలిశాక దిద్దుబాటు సులభం. పద్ధతి పుట్టిన యంత్రంలో 1.0 మి.లీ., నడుపుతున్న యంత్రంలో 3.0 మి.లీ. అయితే పంపు ప్రవణత మొదలుపెట్టిన 2.0 నిమిషాల తరవాత నమూనాను ఎక్కించాలి. ప్రవణత స్తంభాన్ని చేరే సమయమూ నమూనా ప్రయాణమూ మునుపటిలాగే కుదురుతాయి. పరిస్థితి తారుమారైతే, ప్రవణతకు ముందు 10 శాతం వద్ద 2.0 నిమిషాల విరామం చేర్చాలి.

7. ప్రవణతకు అందనిది

సూత్రంలో కుండలీకరణం సున్నకు తగ్గే సందర్భం ఉద్దానానికి సంబంధించినంత వరకు చాలా ముఖ్యం. కలుపుమందు గ్లైఫోసేట్ పేరు శ్రీలంక వ్యాధి చర్చలో ఎక్కువగా వినిపించింది. 2015లో ఆ దేశం దాని దిగుమతిని నిషేధించింది కూడా. గ్లైఫోసేట్ నీటిని అమితంగా ఇష్టపడుతుంది, 18 కార్బన్ల గొలుసులను పట్టించుకోదు. పై ఉదాహరణ స్తంభంలో అది 1.5 నిమిషాలకే లవణాలతో కలిసి బయటకు పోతుంది. ప్రవణత నిర్గమానికి చేరేది 1.0 + 1.5 = 2.5 నిమిషాలకు. కనుక వాలు ఎంత పెట్టినా, చివరి శాతం ఎంత ఉంచినా గ్లైఫోసేట్ మీద దాని ప్రభావం సున్న. దానిని చూడాలంటే ముందుగా ఎఫ్‌మాక్ వంటి కారకంతో చర్య జరిపి, నూనె స్వభావంగల పెద్ద గుంపును దానికి తగిలించాలి. లేదా వేరే రకం స్తంభం వాడాలి. ‘పురుగుమందుల పరీక్ష చేశాం, ఏమీ కనబడలేదు’ అన్న నివేదిక సాధారణ ప్రవణత పద్ధతిది అయితే గ్లైఫోసేట్ గురించి అది అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

8. మళ్లీ 10 శాతానికి

ప్రవణత 90 శాతానికి చేరడంతో ఒక నమూనా పని పూర్తికాదు. నిలిచిపోయిన మురికి కొట్టుకుపోవడానికి 90 శాతం దగ్గర కొన్ని నిమిషాలు, తరవాత స్తంభం మళ్లీ 10 శాతానికి సర్దుకోవడానికి మరికొంత సమయం ఇవ్వాలి. పాత ద్రవం పోవడానికి ఆలస్య ఘనపరిమాణం, దానిపై స్తంభం ఖాళీ ఘనపరిమాణానికి 10 రెట్లు ప్రవహించనివ్వడం వాడుకలో ఉన్న కొలత. ఇక్కడ 1.0 + 15 = 16 మి.లీ., అంటే 16 నిమిషాలు. ప్రవణతకు 20, కడగడానికి 5, సర్దుబాటుకు 16 కలిపి నమూనాకు 41 నిమిషాలు.

నమూనాలు గుట్టపడినప్పుడు ముందుగా కత్తిరింపుకు గురయ్యేది చివరి 16 నిమిషాలే. దానిని 5కు తగ్గిస్తే తరవాతి నమూనా 10 శాతం దగ్గర గాక ఇంకా దిగుతున్న మిశ్రమంలో మొదలవుతుంది. క్లోర్‌పైరిఫాస్‌కు పెద్ద తేడా ఉండదు. మోనోక్రోటోఫాస్ ముందుకు జరిగి లవణాల్లో కలుస్తుంది. ఒకే బావి నీరు వరుసలో మొదట ఉంటే ఒక ఫలితం, ఇరవయ్యోదిగా ఉంటే మరో ఫలితం వచ్చే అవకాశముంది. పూర్తి సమయం ఇస్తే 24 గంటల్లో 35 పరుగులు సాధ్యం. వాటిలో ప్రమాణ ద్రావణాలకు, శుద్ధజలానికి, ఒకే నమూనాను రెండోసారి చూడటానికి 10 కేటాయిస్తే గ్రామాల నీటికి మిగిలేవి 25. ఒక్కో ఊరి నుంచి తాగునీటి బోరు, పొలం బావి, కుళాయి అని మూడు సీసాలు తెస్తే రోజుకు 8 ఊళ్లు. వానాకాలం ఒకసారి, వేసవిలో మరోసారి తీసుకొంటే పని రెట్టింపవుతుంది.